ముత్యాలమ్మ సెలవు

కోదాడ డిపో కండక్టర్ సైదులు పుట్టుకతోనే మొద్దు మనిషి కాదు. భార్య స్వర్ణకు క్యాన్సర్ అని తెలిసిన కొత్తల్లో అతనంత గాభరా మనిషి ఆ వీధిలోనే లేడు. ఆమెకు ఎడమ రొమ్ము తీసేశాక కీమో మొదలుపెట్టారు. మొదటి కీమోకు వాంతులు పట్టుకుంటే ఆటో కట్టించుకుని సూర్యాపేట దవాఖానకు పరుగెత్తాడు. ఇది మామూలే, మందు పడ్డాక ఇట్లాగే ఉంటుంది అన్నారు. దువ్వెన పెడితే జుట్టు కుచ్చులుగా ఊడివస్తే మళ్ళీ పరుగెత్తాడు. మామూలే అన్నారు. గోళ్ళు నల్లబడ్డాయి, నోరంతా పూసింది. అవీ మామూలే. పెళ్ళైన నాటి నుంచి వీధి మొత్తానికీ జాకెట్లు కుట్టిన మనిషి, వేళ్ళ కొసలు తిమ్మిరెక్కి సూదిలో దారం ఎక్కించలేక కుట్టుమిషను మీద తల పెట్టుకుని ఏడిస్తే, అదీ మామూలేనట.

అన్నవాళ్ళ తప్పు లేదు. నిజంగానే మామూలు. కానీ ఒకే మాట అన్నిసార్లు విన్నాక మనిషిలో భయపడే చోటు ఏదో ఉంటుంది చూశారా, అది మొద్దుబారిపోతుంది. సైదులుకు అదే జరిగింది. పొద్దున లేచేవాడు, స్వర్ణకు గంజి కలిపి ఇచ్చేవాడు, డ్యూటీకి పోయేవాడు. కోదాడ నుంచి మిర్యాలగూడ, మిర్యాలగూడ నుంచి కోదాడ. ఆడవాళ్ళకు ఫ్రీ కనుక సున్నా టికెట్ కొట్టి ఇవ్వడం, మగవాళ్ళకు చిల్లర లెక్కపెట్టడం, "ముందుకు జరుగుండ్రి, ఎనక ఖాళీగనే ఉన్నది" అని అరవడం. ఇంటామె ఎట్లున్నదని తెలిసినవాళ్ళు అడిగితే "ఉన్నది" అనేవాడు. అంతకంటే ఒక్క మాట కూడా రాలేదు. దుఃఖం దాచుకుంటున్నాడని అందరూ మెచ్చుకున్నారు. దాచుకోవడానికి లోపల ఏమీ లేదని అతనికొక్కడికే తెలుసు.

అటువంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం, మిర్యాలగూడ బస్టాండులో బస్సు తిరుగు ప్రయాణానికి నిలబడి ఉండగా తల్లి సత్యమ్మ ఫోన్ చేసింది. కోడలికి జబ్బని తెలిసినప్పటి నుంచి ఆమె చిలుకూరు వదిలి కొడుకు ఇంట్లోనే ఉంటోంది.

"ఒరే సైదులూ, పరేషాన్ గాకు. స్వర్ణకు ముత్యాలమ్మ పోసింది. ఈపు మీద, కడుపు మీద అన్ని ముత్యాలే. వచ్చేటప్పుడు ఏపమండలు తీస్కరా."

"జరమున్నదా అమ్మా?"

"అమ్మ వస్తె జరం రాకుండ ఉంటదారా? పక్కింటి పిచ్చమ్మ మనుమడికి పోయిన నెలలనే గదా పోసింది. గాడికెళ్ళి ఈడికి వచ్చింది. మూన్నాలుగు రోజులు సల్లగ సూస్కుంటె అమ్మనే పోతది. నువ్వు కోడిగుడ్లు గిట్ల ఏం తేకు."

డాక్టర్లు దీన్ని చికెన్‌పాక్స్ అంటారు. మా వైపు అమ్మవారు ఇంట్లో ఉండగా ఆ మాట అంటే కళ్ళు పోతాయి.

చెబితే సిగ్గు గానీ, ఫోన్ పెట్టేశాక సైదులుకు హాయిగా అనిపించింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారు. ఇతనికి రోకటిపోటు మీద గోరుచుట్టు. క్యాన్సరంటే ఏం చెయ్యాలో అతనికి తెలియదు, ఎవరో చెప్పినచోట సంతకం పెట్టడం తప్ప. అమ్మవారంటే అట్లా కాదు. చిన్నప్పుడు తనకూ పోసింది, అన్నీ ఎరుకే. గుమ్మానికి వేపమండలు కట్టాలి, ఇంట్లో తాలింపు వెయ్యకూడదు, పెరుగన్నం పెట్టాలి, ఒంటి మీద వేపాకుతో నిమరాలి. ఇన్ని నెలలకు తన చేతులతో చెయ్యగలిగిన పని ఒకటి దొరికింది.

అయితే మరొక సంగతి కూడా అతనికి తెలుసు. సూర్యాపేట దవాఖానలో కీమో ఎక్కించే నర్సు భావన ప్రతిసారీ గడప దాకా వచ్చి మరీ చెప్పేది: ఏమైనా ఆగొచ్చు గానీ జ్వరం వస్తే మాత్రం ఒక్క పూట కూడా ఆగొద్దు, నాకు ఫోన్ చెయ్యండి అని. ఆమె నంబరు ఫోన్‌లో ఉంది. సైదులు ఆ నంబరు తీసి చూశాడు. చూసి జేబులో పెట్టుకున్నాడు. ఫోన్ చేస్తే ఆమె ఏమంటుందో తెలుసు కాబట్టే చెయ్యలేదు. మరో కారణమేదీ లేదు, వెతకొద్దు.

నేరేడుచర్ల దాటాక రోడ్డు పక్కన వేపచెట్టు దగ్గర డ్రైవర్ గేమ్యా బస్సు ఆపాడు. ఇద్దరూ దిగి మండలు విరిచారు. సైదులు వాటిని ఒడిలో పెట్టుకుని కండక్టర్ సీట్లో కూర్చుంటే ముందు సీట్లోని ముసలామె అడిగింది.

"ఎవలకు బిడ్డా, అమ్మనా?"

"మా ఇంటామెకు."

ఆమె లేచి వచ్చి ఆ ఆకులను తాకి కళ్ళకద్దుకుంది. ఆమెను చూసి మరో ఇద్దరు. నిలబడ్డవాళ్ళు మండలకు కాలు తగలకుండా పక్కకు జరిగారు. సైదులు ఇదే బస్సులో స్కానింగుల సంచి పట్టుకుని ఎన్నోసార్లు తిరిగాడు. అప్పుడు ఆ సంచిని చూసి జనం ముఖం తిప్పుకున్నారే తప్ప పక్కకు జరిగి దారిచ్చింది లేదు.

ఇంటికి వచ్చేసరికి వాకిలి కడిగి పసుపునీళ్ళు చల్లి ఉంది. స్వర్ణ తెల్లచీర కట్టుకుని చాప మీద గోడకు ఆనకుండా కూర్చుని ఉంది. బోడితల మీద పసుపు. నుదుటి మీద, చెంపల మీద నీటిపొక్కులు. జ్వరానికి కళ్ళు మెరుస్తున్నాయి.

పిచ్చమ్మ నోట్లో నువ్వుగింజ నానదు కనుక ఈపాటికి వీధి వీధంతా తెలిసిపోయింది. ఈ వీధి ఆడవాళ్ళ సంగతి కొంచెం చెప్పాలి. క్యాన్సర్ అన్నప్పుడు కూడా వీళ్ళే వచ్చారు. బత్తాయిలు తెచ్చి మంచం పక్కన పెట్టి, ఇంత చిన్న వయసుల ఎంత కష్టమొచ్చె పాపం అని ముక్కులు చీది, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ ఇదే జబ్బుతో ఎవరెవరు ఎట్లా పోయారో స్వర్ణకు వినపడేటట్టు చెప్పుకున్నారు. మనసు చెడ్డవాళ్ళని కాదు. నోరు అట్లా వచ్చింది, ఏం చేస్తాం. ఇవాళ అదే ఆడవాళ్ళు చెంబుల్లో బెల్లంనీళ్ళు పట్టుకుని వచ్చి గడప బయటే ఆగారు. ఆ నీళ్ళు అమ్మవారికి శాకగా గడప ముందు పోసి, చేతులు జోడించి "తల్లీ, మా పిల్లల మీద సల్లని సూపు సూడు" అన్నారు. పాపమన్న మాట ఒక్కరి నోటి నుంచీ రాలేదు. పిచ్చమ్మ సాగిలపడి మొక్కింది.

స్వర్ణ చెయ్యెత్తి దీవించింది. ఆమె వెన్ను నిటారుగా ఉంది. ఆపరేషను అయినప్పటి నుంచి ఎడమ భుజం లోపలికి ముడుచుకుని కూర్చునే మనిషి అట్లా కూర్చోవడం సైదులు చూసి చాలా కాలమైంది.

అందరూ వెళ్ళాక స్వర్ణ పెరుగన్నం తిన్నది. గిన్నె ఊడ్చుకుని తిన్నది.

"వచ్చే వారం కీమో ఉన్నది గదా," అన్నది. "అమ్మ ఉన్నప్పుడు సూదులు గుచ్చొద్దట. అత్తమ్మ అన్నది."

"ఆ."

"అయితె పోవుడు లేదు గదా."

"అమ్మ పోయినంక సూద్దాం," అన్నాడు సైదులు.

స్వర్ణ నవ్వింది. మిర్యాలగూడ హాస్టల్లో ఇంటర్ చదువుతున్న కూతురు నందిని ఫోన్ చేస్తే తనే మాట్లాడి, బాగానే ఉన్నాను, ఈ ఆదివారం మాత్రం రావద్దని చెప్పింది. సైదులు ఆ రోజు కడుపులో చల్ల కదలకుండా నిద్రపోయాడు.

మర్నాడు పొక్కులు చేతులకు, అరికాళ్ళకు కూడా వచ్చాయి. అమ్మ నిండుగా వచ్చిందని సత్యమ్మ సంబరపడింది. ఆమె కోడలిని పేరు పెట్టి పిలవడం మానేసింది. "తల్లీ నీళ్ళు తాగుతవా, తల్లీ పండుకుంటవా" అంటోంది. తను మాత్రం రెండు పూటలా ఒక పిడికెడు ఉప్పులేని అన్నమే తిని, రెప్ప వెయ్యకుండా వేపాకుతో విసురుతూ కూర్చుంది. అత్త ఒకతి ఒక కోడలికి అంత సేవ చెయ్యడం నేను విన్నదీ లేదు, చూసిందీ లేదు.

మూడో రోజు పొద్దున సైదులు డ్యూటీకి బయలుదేరుతూ స్వర్ణ పక్కన కాసేపు కూర్చున్నాడు. నుదురు పెనంలా కాలుతోంది. "అన్నం సయిస్తలేదు" అనడానికి ఆమె నడుమ ఒకసారి ఆగి ఊపిరి పీల్చుకుంది. కదిలే బస్సును పరుగెత్తి పట్టుకుని ఎక్కినవాళ్ళు టికెట్ అడిగేటప్పుడు అట్లా మాట్లాడతారు. ఈమె కూర్చున్న చోటి నుంచి కదలనే లేదు. మాట అయ్యాక చెంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గింది. చిన్న దగ్గే, పొడి దగ్గు.

సైదులు భయం కోసం చూశాడు. రాలేదు. లేచి, చొక్కా గుండీలు పెట్టుకుని, డ్యూటీకి పోయాడు.

కోదాడ నుంచి హుజూర్‌నగర్ దాకా టికెట్లు కొట్టాడు. ఎవరికీ చిల్లర తప్పు ఇవ్వలేదు. హుజూర్‌నగర్ బస్టాండులో బస్సు ఆగితే కిందికి దిగి, మరుగుదొడ్ల గోడ పక్కన నిలబడి, భావన నంబరుకు ఫోన్ చేశాడు. ఏం ఆలోచించి చేశాడని తరువాత అడిగితే తనకే తెలియదన్నాడు. కాళ్ళు అక్కడికి నడిచాయి, అంతే.

అతను చెప్పేది భావన ఆపకుండా విన్నది.

"ఎన్నో రోజు ఇది?"

"మూడో రోజు సిస్టర్."

"దగ్గుందా? ఆయాసం?"

"రెండూ ఉన్నయి."



"అన్నా, ఇది మామూలు కాదు," అన్నది భావన. "పిల్లలకు వస్తే తగ్గిపోతుంది. కీమో మీదున్న మనిషికి ఎదుర్కునే శక్తి ఉండదు. ఊపిరితిత్తుల్లోకి దిగితే మా చేతుల్లో కూడా ఉండదు. దీనికి మందుంది, నరంలోకి ఎక్కించాలి. ఇవాళే, ఇప్పుడే తీసుకురండి. నేను చెప్పి వేరే గది సిద్ధం చేయిస్తా. మొదటి రోజే ఎందుకు చెయ్యలేదన్నా?"

సైదులు ఫోన్ పెట్టేశాడు. ఇన్ని నెలల్లో మామూలు కాదు అన్న మాట వినడం అదే మొదలు. దానికి కూడా అతనిలో ఏదీ కదలలేదు. టికెట్ మిషను, సంచి తీసుకుపోయి కంట్రోలర్ టేబుల్ మీద పెట్టాడు. గేమ్యాకు చెప్పాడు.

"మా తండల గూడ అమ్మకు మొక్కుతం," అన్నాడు గేమ్యా. "మొక్కుడు మొక్కుడే, దవాఖాన దవాఖాననే. మా తమ్ముడు రవి కోదాడలనే ఉన్నడు, మీ ఇంటికి కారు పంపిస్త. నువ్వు నడువ్."

సైదులు మరో బస్సెక్కి ఇంటికి వచ్చి సంగతి చెప్పేసరికి సత్యమ్మ లేచి వెళ్ళి గడపలో అడ్డంగా కూర్చుంది. కాళ్ళు చాపుకుని, రెండు చేతులతో రెండు వైపులా ద్వారబంధం పట్టుకుంది.

"అమ్మ ఇంట్ల ఉండంగ గడప దాటుడు లేదు. పొలిమేర దాటుడు అసలే లేదు. సూది పొడిస్తె అమ్మ లోపలికి పోతది. లోపలికి పోతె మనిషి దక్కదు."

"అమ్మా, దగ్గుతున్నది. ఆయాసమొస్తున్నది. ఊపిరితిత్తులకు పోతదని చెప్పిండ్రు."

"మీ అన్నకు గూడ గిట్లనే చెప్పిండ్రు."

 ఆ అన్న పేరు వెంకన్న. సైదులు పుట్టక ముందే పోయాడు. అతనికి అమ్మవారు పోసినప్పుడు సత్యమ్మ వద్దంటున్నా వినక తండ్రి సైకిల్ మీద కూర్చోబెట్టుకుని పక్క ఊళ్ళో సూది వేయించడానికి తీసుకుపోయాడు. సూది వేయించి, తిరిగి వస్తుంటే దారిలోనే పిల్లవాడు వేలాడిపోయాడు. నిజంగా సూది వల్లనే పోయాడా, అప్పటికే చెయ్యి దాటిందా, చెప్పగలవాళ్ళు ఎవరూ లేరు. సత్యమ్మకు మాత్రం అనుమానం లేదు. ఆమెను మొండిది, చదువులేనిది అనడం తేలిక. ఒక కొడుకు శవాన్ని సైకిల్ మీద నుంచి దించుకున్న మనిషితో ఆ మాట అనడానికి మాత్రం గుండె కావాలి. సైదులుకు ఎప్పుడూ లేదు.

"నేను అడ్డం కూసున్నది దాని చావు కోరి కాదురా," అన్నది సత్యమ్మ. "దాన్ని బతికించుకుందామని. పోయి అమ్మనే అడుగు. ఆమె నోటితోని సెలవిస్తె నేను జరుగుత. లేదంటె నన్ను దాటుకుంట పోండ్రి."

గడప బయట పిచ్చమ్మ, మరో నలుగురు ఆడవాళ్ళు చెంబులు పట్టుకుని నిలబడే ఉన్నారు. అటు తల్లి, ఇటు భార్య. అడకత్తెరలో పోకచెక్కకు కూడా ఇంత నొప్పి ఉండదనుకుంటాను. ఇతనికి నొప్పీ లేదు. పసుపునీళ్ళ చెంబు పట్టుకుని లోపలి గదిలోకి పోయి స్వర్ణ ముందు కూర్చున్నాడు.

తల్లీ సెలవియ్యి అనాలి. ఆ మాట రాలేదు.

"స్వర్ణా," అన్నాడు.

మూడు రోజులుగా ఎవరూ ఆమెను ఆ పేరుతో పిలవలేదు. ఆమె కళ్ళు తెరిచింది.

"దగ్గు ఎప్పట్నుంచి?" సైదులు గొంతు తగ్గించి అడిగాడు.

"నిన్న పొద్దట్నుంచి. అత్తమ్మకు ఇనపడకుండ చెంగు పెట్టుకున్న."

"సిస్టర్‌కు ఫోన్ చేసిన. ఇప్పుడే రమ్మన్నది."

"ఇయ్యాల్ల చేసినవా?" ఊపిరి కోసం ఆగింది. "మొదటి రోజే చేస్తవనుకున్న."

"చేస్తె రమ్మంటదని ఎరుకే. అందుకే చెయ్యలే."

స్వర్ణ అతని ముఖంలోకి చూసింది. కోపంగా కాదు.

"నాకు ఎరుక లేదా," అన్నది. "జరమొస్తె ఆగొద్దని నాకు గూడ చెప్పింది గదా. నేను నోరు ఇప్పలే. ఈ మూడు రోజులు నన్ను ఎవ్వరు పాపమనలే. కాళ్ళు మొక్కిండ్రు. ఇగ సాలనిపించింది. గిట్లనే పోయినా మంచిదే అనిపించింది."

ఈ మాటకు మనిషనేవాడు ఏడవాలి. సైదులు చెంబులోని నీళ్ళను చూస్తూ కూర్చున్నాడు. ఆపరేషనప్పుడు, కీమోలప్పుడు, ప్రతిసారీ అతను "నడువ్ పోదాం" అన్నాడు, ఆమె చెప్పులు వేసుకుంది. ఆమె పోదామందా వద్దందా అన్నది ఎవరికీ లెక్కలోకి రాలేదు. దవాఖానలో కూడా ఆమె పక్కనే కూర్చుని ఉండగా అందరూ అతనితోనే మాట్లాడారు.

"నువ్వు రానంటె రాకు," అన్నాడు చివరికి. "నేను గుంజుకపోను. నీ పక్కనే కూసుంట. వస్తనంటె తీస్కపోత. నువ్వే చెప్పు."

స్వర్ణకు దగ్గు వచ్చింది. ఈసారి చెంగు అడ్డం పెట్టుకోలేదు. పక్కటెముకలు పట్టుకుని దగ్గి, తేరుకుని, చాలాసేపు ఊపిరి వెతుక్కుంది.

"నందినికి పరీక్షలెప్పుడు?"

"మార్చిల."

ఆమె గుమ్మానికి కట్టిన వేపమండల వైపు చూస్తూ ఉండిపోయింది. బయట పిచ్చమ్మ ఏదో గొణుగుతోంది. వీధి చివర కారు హారను వినిపించింది.

"పోదాం," అన్నది స్వర్ణ. "మరి అత్తమ్మ?"

"అమ్మవారిని అడగమన్నది."

"అడుగు మరి. గట్టిగ అడుగు, ఆమెకు ఇనపడాలె."

సైదులుకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక చెంబు ఆమె పాదాల ముందు పెట్టి, గొంతెత్తి అడిగాడు. "తల్లీ, దవాఖానకు తోల్కపోత. సెలవియ్యి."

స్వర్ణ గోడ పట్టుకుని లేచింది. పూనకం వచ్చినట్టు ఊగలేదు, కేకలు పెట్టలేదు. అంత ఓపిక ఎక్కడిది. అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చి, గడపలో కూర్చున్న అత్త వెనుక నిలబడింది. పసుపు రాసిన బోడితలతో, ఒంటినిండా పొక్కులతో, ఎర్రటి కళ్ళతో ఆమెను చూసి బయటి ఆడవాళ్ళు చేతులు జోడించారు.

"సత్తెమ్మా," అన్నది.

ఈ ఇంటి కోడలు ఇన్నేళ్ళలో అత్తను పేరుతో పిలిచింది లేదు. సత్యమ్మ ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది.

"నీ ఎంకన్నను నేను తీస్కపోలే. సూది గూడ తీస్కపోలే. వాని ఆయుష్షు అంతే. నీ మొగని తప్పు లేదు, నీ తప్పు లేదు. ఆపలేకపోతినని ఎన్నేండ్లు ఏడుస్తవ్? ఇగ ఆ బాధ ఇడిచిపెట్టు. ఈ పిల్లను దవాఖానకు..."

అక్కడ దగ్గు అందుకుంది. మనిషి రెండుగా వంగిపోయింది. సైదులు పట్టుకున్నాడు. దగ్గు వదిలాక ఆమెకు పెద్ద గొంతు మిగల్లేదు. ఉన్న కాస్త ఊపిరితో, రోజూ మాట్లాడే గొంతుతో అన్నది:

"నన్ను పోనియ్యి అత్తమ్మా."

అందరూ విన్నారు. పిచ్చమ్మ నోరు తెరిచి, ఎందుకో మళ్ళీ మూసుకుంది. సైదులు తల్లి ముఖం చూడలేక నేల చూశాడు. అయిపోయింది, ఇక ఈమె కదలదు అనుకున్నాడు.

సత్యమ్మ కోడలి వైపు చూసింది.  తరువాత ద్వారబంధం మీది చేతులు తీసి, మోకాళ్ళు పట్టుకుని లేచి, పక్కకు జరిగింది.

"అమ్మ సెలవిచ్చింది," అన్నది బయటివాళ్ళతో. "దారి ఇడువుండ్రి."

రవి కారు వాకిట్లోనే ఆపాడు. సైదులు స్వర్ణను వెనుక సీట్లో కూర్చోబెట్టి తనూ పక్కన ఎక్కాడు. సత్యమ్మ చెంబు నీళ్ళు తెచ్చి కారు ముందు చక్రాల దగ్గర పోసి, చుట్టూ తిరిగి కోడలి వైపు కిటికీ దగ్గరికి వచ్చింది. వంగి, మిగతావాళ్ళకు వినపడకుండా మాట్లాడింది.

"అమ్మవారు నన్ను అత్తమ్మా అనదు బిడ్డా."

స్వర్ణ తల దించుకుంది. 

"ఎంకన్న గురించి నువ్వు చెప్పిన మాట నాకు ఇంతవరకు ఎవ్వరు చెప్పలే," అన్నది సత్యమ్మ. కిటికీలోంచి చెయ్యి పెట్టి పొక్కులున్న చెంపను తాకింది. "సూదులు పొడిపించుకో, మందులు ఎక్కించుకో, ఏమన్నా చేయించుకో. బతికి రా. ఇగ అమ్మవారికంటవా, ఆమెకు నేను జవాబు చెప్పుకుంట."

కారు కదిలింది. సత్యమ్మ వెంట రాలేదు. సైదులు వెనక్కి తిరిగి చూస్తే ఆమె మళ్ళీ గడపలో కూర్చుని ఉంది. ఈసారి ముఖం ఇంట్లోకి తిప్పి, ఖాళీ చాప వైపు, రెండు చేతులూ జోడించి కూర్చుంది. లోకంలో ఆమె భయపడేది ఆ ఒక్క దేవతకే. ఆ దేవతతో మాట్లాడటానికి ఒక్కతే ఉండిపోయింది.

సూర్యాపేట వైపు హైవే ఎక్కేదాకా సైదులు బాగానే ఉన్నాడు. లారీ ఒకదాన్ని దాటి కారు వేగం అందుకుంది.  స్వర్ణ ఊపిరి శబ్దం వినిపిస్తోంది. అది ఆగిపోతుందేమో అనిపించింది. ఆగిపోతే తను ఆ ఇంట్లో ఎట్లా ఉంటాడో, నందినికి ఏమని చెబుతాడో అనిపించింది. భయం వేసింది. ఇన్ని నెలలుగా ఎక్కడ ఆగి ఉందో ఆ భయమంతా ఒక్కసారే వచ్చి మీద పడింది. మూడు రోజులు ఎందుకు ఆగాను అని పైకే అన్నాడు. ముందు సీట్లో రవి ఉన్నాడన్న సిగ్గు కూడా లేకుండా భోరుమన్నాడు.

స్వర్ణ అతని భుజం మీద తల ఆనించింది. ఊరుకోమంటుందనుకున్నాడు.

"ఏడువు," అన్నది, మాటకూ మాటకూ మధ్య ఆయాసపడుతూ. "ఏడువు. నాకోసం నువ్వు ఏడ్వక చాన రోజులాయె."